అక్కకి తోడు

బ్యాగు జిప్పు తీసి చూస్తే అందులో అంతా మా ఆయనే. గడ్డం గీసుకునే సెట్టు, తువ్వాలు, ఉతికి మడతపెట్టిన బనియన్లు, చెవిలో వేసుకునే చుక్కల మందు, అన్నిటికంటే అడుగున మాత్రల డబ్బా. నావి ఒక్క జత బట్టలు, ఒక దువ్వెన. అన్నీ మంచం మీద పరిచి చూసుకుంటే ముందు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. ఆయన అసలు ఈ ప్రయాణానికి రానేలేదు. వచ్చింది నేనూ, ఆయన అక్కగారూ. కానీ పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో బ్యాగు అటక మీద నుంచి దిగిందంటే అది ఆయన కోసమే దిగింది. రిటైరయ్యేదాకా ఊళ్లు తిరిగేది ఆయన, సర్దేది నేను. అలవాటైన చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, బుర్రని ఒక్క మాట కూడా అడగలేదు.

కిటికీ పక్క మంచం మీద కూర్చుని మోకాలికి మందు రాసుకుంటున్న వదిన, రెండు రోజుల భాగ్యానికి ఎంతసేపు సర్దుతావని విసుక్కుంది. జరిగింది చెప్పాను. ఆవిడ మాత్రల డబ్బా వంక చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, మాత్రలు లేకపోతే వాడెలా?"

మరి నీకు బట్టలు సరిపోతాయా అని మాత్రం అడగలేదు. ఆవిడ్ని అని ఏం లాభం, నాకే తట్టలేదు ఆ సంగతి. రాత్రికి విడిచినవి పిండి ఆరేసుకుంటే సరిపోతుందని అప్పటికే అనుకుంటున్నాను.

వదిన భూగోళం టీచరు. పిల్లలకి దేశాలూ నదులూ చెప్పి చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ క్లాసులో నల్లబల్ల పైన ఒక కేలెండరు బొమ్మ ఉండేదట. కొండ మీద చిన్న ఊరు, చుట్టూ రాతిగోడ, ఏడెనిమిది వందల ఏళ్లనాటిది, గోడ ఎక్కడా పడిపోలేదు. ఏడాది పోయింది, కేలెండరు పోయింది, బొమ్మ మాత్రం కత్తిరించి అక్కడే ఉంచుకుంది. బతికున్నంత కాలం వాళ్లాయన, రాళ్లు చూడ్డానికి అంత దూరం ఎందుకు, పెరట్లో బోలెడున్నాయి అనేవాడు. ఆయన పోయాక ఆవిడ మోకాలు పోయింది. ఆపరేషన్ చేయించాక కర్ర వచ్చింది. ఒకరోజు మా ఇంట్లో భోజనాల దగ్గర మళ్లీ ఆ బొమ్మ మాట వస్తే మా ఆయన, "దీన్ని నీకు తోడు పంపిస్తాలే అక్కా. దీనికి మాత్రం ఇక్కడేం పని?" అన్నారు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నేను వడ్డిస్తున్నాను.

నా పని బస్టాండులో. మైకు గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వచ్చిందో, ఏది ఆలస్యమో, ఏ పిల్లాడు తప్పిపోయి ఏడుస్తున్నాడో చెప్పేదాన్ని నేనే. ఇరవై ఏళ్లు దాటింది. ఊళ్లో నా మొహం ఎవరికీ తెలియదు కానీ నా గొంతు వినని మనిషి లేడు. కూరల కొట్లో బేరమాడితే పక్కవాళ్లు తిరిగి చూస్తారు. ఇంట్లో మాత్రం దానికి పేరు 'మైకులో అరిచే ఉద్యోగం'. ఆ పేరు పెట్టింది వదినే. పెళ్లిళ్లలో, పేరంటాల్లో నన్ను పరిచయం చెయ్యాల్సి వస్తే, మా తమ్ముడి భార్య, ఇంట్లో అరిచింది చాలక బస్టాండులో కూడా అరుస్తుంది అని చెప్పి అందర్నీ నవ్వించేది. నేనూ నవ్వేదాన్ని. నిజానికి ఇంట్లో నేను అరిచిందెప్పుడు? నాకు ఉద్యోగం నేర్పిన పెద్దావిడ మొదటి రోజే చెప్పింది: ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలమ్మా, మొదటిసారి ఎవరూ వినరు, మొదటిది తలెత్తడానికి, రెండోది వినడానికి. అది డ్యూటీలో ఎన్నడూ తప్పలేదు. ఇంట్లో మాత్రం ఏదైనా ఒక్కసారే చెప్పి ఊరుకున్నాను.

ఈ ప్రయాణానికి పది రోజుల ముందు కూడా అంతే. అక్క ఇంక ఒంటరిగా ఉండలేదు, మనింటికి వచ్చేస్తుంది, నువ్వు ఉద్యోగం మానెయ్యి అన్నారు ఆయన. ఆవిడ్ని రమ్మనండి, పగటిపూటకి ఎవరినైనా మనిషిని పెడదాం, నేను మాత్రం మానను అన్నాను. ఆయన టీవీ చానెల్ మార్చారు. మర్నాడు ఈ ప్రయాణం సంగతి తేల్చారు. సరే, నా మాట చెవికెక్కింది, బుజ్జగింపుగా రెండు రోజులు తిరిగి రమ్మంటున్నారు అనుకున్నాను. పిచ్చిదాన్ని.

ఊరి గుమ్మం దాటాక వాహనాలు రానివ్వరు. బస్సు దిగిన చోటి నుంచి రెండు బ్యాగులూ నేనే మోశాను, ఒకటి భుజానికి, ఒకటి చేతికి. ఖాళీగా ఉన్న చేతి మీద వదిన ఆనుకుంది. గుమ్మం ఎంత ఎత్తంటే, తలెత్తితే మెడ పట్టేస్తుంది. లోపల వీధులు మాత్రం ఇద్దరు పక్కపక్కన నడిస్తే గోడలు తగిలేటంత ఇరుకు. అడుగడుగునా ఆగి వదిన పాఠం చెప్పింది. శత్రువు గుర్రం మీద దూసుకు రాకుండా వీధులు ఇలా మెలికలు తిప్పారు, పైనుంచి కాగిన నూనె పొయ్యడానికి ఆ కంత. నేను వింటూనే ఆ నూనె కాచింది ఎవరో అనుకున్నాను. మేం దిగిన బస కూడా ఆ కాలపు ఇల్లే. వీధి గడప మామూలుగానే ఉంది. వంటింటి గడప మాత్రం మధ్యలో గుంటపడి, చిన్న పళ్లెంలా అరిగిపోయింది. రాయి అది. ఎందరి పాదాలు ఎన్ని వందల ఏళ్లు అటూ ఇటూ తిరిగితే అలా అరుగుతుంది! వదినకి చూపించాను. తడిగా ఉంటుంది, జారకుండా చూసి నడువు అంది.

చీకటి పడుతుండగా ఆయన ఫోన్ చేశారు. ఎలా ఉన్నారని కాదు, డబ్బా ఎక్కడ పెట్టావని. చెప్పాను.

"మొగుణ్ణి చంపి ఊరేగుదామనా?"

వీధి చివర మందుల కొట్టుంది కదా, తెచ్చుకోండి అన్నాను. ఏ మాత్రలో నాకేం తెలుసు అన్నారు. పదేళ్ల నుంచి రోజూ రెండు పూటలా మింగుతున్నారు, పేరు తెలియదు. రంగు కూడా తెలియదట, నేను అరచేతిలో పెడితే నోట్లో వేసుకోవడమే కదా. పేర్లు చెప్తాను రాసుకోండి అంటే, రాసుకునేంత ఓపిక నాకు లేదు, రేపు మధ్యాహ్నం బస్సుకి బయల్దేరి రండి అని పెట్టేశారు. ఎల్లుండి కదా మా తిరుగు ప్రయాణం అన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. అంతా విన్న వదిన దుప్పటి లాక్కుంటూ, ఇక్కడ పేరున్న ఆ పాత బావి ఒక్కటీ చూసేసి రేపు మధ్యాహ్నం వెళ్లిపోదాంలే అంది. ముప్పై ఏళ్లు గోడ మీద చూసిన ఊరిని తమ్ముడి మాత్రల కోసం ఒక్క పూటలో వదిలేసుకుంది ఆవిడ. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లే కదా.

పొద్దున్నే బావి దగ్గరికి వెళ్లాం. ఊరంతటికీ అదొక్కటే నీళ్ల బావి ఒకప్పుడు. కొండని తొలుచుకుంటూ దించారు, రాయి వేస్తే చప్పుడు వినపడేలోపు ఒక ఊపిరి తీసి వదలచ్చు. అంత లోతు నుంచి చేత్తో తోడలేరు కాబట్టి, బావి మీద పెద్ద కొయ్య చక్రం. రెండు నిలువుల ఎత్తు, లోపల బోలు. మనిషి అందులోకి దూరి నడవాలి. నడుస్తుంటే చక్రం తిరుగుతుంది, ఇరుసుకి తాడు చుట్టుకుంటుంది, బాన పైకొస్తుంది. చూపించడానికి ఒక నడివయసు ఆయన ఉన్నాడు, పొద్దున్నించీ అవే మాటలు చెప్పి అలిసిపోయిన గొంతుతో. ముందు గాడిదల్ని నడిపించేవాళ్లట. గాడిదలు లోపల కళ్లు తిరిగి పడుతున్నాయని తర్వాత ఆడవాళ్లని పెట్టారట.

"ఆడవాళ్లకి కళ్లు తిరగవనా?" అని గుంపులో ఎవరో అడిగారు.

"తిరిగినా చెప్పరని," అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. రోజూ ఇక్కడే నవ్వుతారని ఆయన మొహం చూస్తే తెలుస్తోంది.

ఎవరైనా లోపలికి దిగి నడిచి చూపిస్తారా అన్నాడు. వయసులో ఉన్న మగపిల్లలున్నారు, వ్యాయామం చేసి కండలు పెంచినవాళ్లు. అందరూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. అప్పుడు నా పక్క నుంచి వదిన కర్ర ఎత్తి, "మా మరదలు తొక్కుతుందిలెండి" అంది.

నా వంక చూడను కూడా లేదు. ఆవిడ తప్పు కాదేమో. చిన్నత్తగారు మంచాన పడినప్పుడు కూడా ఆ మాట ఇలాగే వచ్చింది, మా మరదలు చూసుకుంటుందిలెండి అని. తమ్ముడి స్నేహితులు పదిమంది చెప్పకుండా దిగినప్పుడు, మా మరదలు వండేస్తుందిలెండి అని. ప్రతిసారీ అందరూ హమ్మయ్య అనుకుని నా వైపు ప్రేమగా చూసేవాళ్లు. ఇప్పుడూ అలాగే చూశారు. నేను చెప్పులు విడిచి లోపలికి దిగాను.

మొదట తేలిగ్గానే ఉంది. తర్వాత బాన నీళ్లలో మునిగి నిండినట్టుంది, చక్రం బరువెక్కింది. కొండ ఎక్కుతున్నట్టు ముందుకి వంగి నడవాలి. ఎంత నడిచినా ఎదురుగా అదే చెక్క, అదే మేకు, అదే సందులోంచి వెలుతురు. ఎక్కుతున్నానని కాళ్లు చెప్తున్నాయి, కదలడం లేదని కళ్లు చెప్తున్నాయి. పలకలు మధ్యలో గుంటలు పడి ఉన్నాయి. అరికాళ్లు ఆ గుంటల్లో కరెక్టుగా కూర్చుంటున్నాయి, నా పాదాల కొలత తీసుకుని చేసినట్టు. మేం దిగిన ఇంట్లో వంటింటి గడప గుర్తొచ్చింది. బయట ఫోన్లతో ఫొటోలు తీస్తున్నారు. రొప్పు వచ్చి ఒక్క క్షణం ఆగాను. వెంటనే చక్రం నన్ను వెనక్కి లాగింది. పడబోయి నిలదొక్కుకుని మళ్లీ నడిచాను.

ఆ మనిషి బయటి నుంచి గట్టిగా చెప్పాడు, నాకు కాదు, చూసేవాళ్లకి. "లోపలున్నవాళ్లు ఆగలేరండి. నీళ్ల బరువు ఆగనివ్వదు. బయటున్నవాళ్లు ఇదిగో ఈ అడ్డకొయ్య వేస్తేనే ఆగడం."

"మరి ఎవరూ వెయ్యకపోతే?" అన్నాను లోపలి నుంచి. నా గొంతు ఆ కొయ్య డొల్లలో మైకులో లాగే మోగింది. అందరూ చూశారు. ఈ ప్రశ్న ఆయన్ని రోజూ ఎవరూ అడిగినట్టు లేదు. కాస్త ఆలోచించుకుని చెప్పాడు.

"పక్కకి దూకెయ్యాలమ్మా. చక్రం గిర్రున వెనక్కి తిరిగి, బాన గోడలకి కొట్టుకుని ముక్కలైపోతుంది. మనిషికేమీ కాదు. బానకే నష్టం."

"ఎవరైనా దూకారా?"

"అదెవరు రాసిపెడతారు?"

ఆయన కొయ్య వేశాడు. చక్రం ఆగింది. బాన ఒడ్డుకి లాగి, అంత దూరం నుంచి ఎక్కివచ్చిన నీళ్లని అందరికీ చూపించి, మళ్లీ బావిలోనే పోసేశాడు. చప్పట్లు కొట్టారు. నేను చెప్పులు వెతుక్కున్నాను.

బావి పక్కన రాతి అరుగు మీద కూర్చున్నాం. వదిన తన సీసాలో నీళ్లు ఇచ్చింది, అది కూడా అరుదే. అప్పుడు ఫోన్ మోగింది. ఆయనే అనుకున్నాను. కాదు, మా బస్టాండు రిజర్వేషన్ కిటికీ దగ్గరుండే ఆవిడ. ఎవరొచ్చినా చిల్లరుందా అని అడుగుతుంది కాబట్టి మేమంతా చిల్లరక్క అంటాం. ఆవిడ గొంతులో నిష్ఠూరం.

"మానేస్తున్నావటగా. ఇన్నేళ్ల స్నేహం, ఒక్క మాట చెప్పకూడదా?"

ఎవరు చెప్పారన్నాను. నిన్న పొద్దున మేం బస్సెక్కిన గంటకి మా ఆయన డిపోకి వెళ్లారట. సూపర్‌వైజర్ గదిలో కూర్చుని టీ తాగి, ఇంట్లో పెద్దావిడ్ని చూసుకోవాలి, మా ఆవిడ ఇక రాదు, తనే చెప్పమంది, మొహమాటపడుతోంది అని చెప్పి వచ్చారట. పోయిన నెల దరఖాస్తు పెట్టుకున్న అమ్మాయిని సోమవారం నుంచి రమ్మన్నారు. నీ కుర్చీలో దిండు నీ ఇంటికి పంపించనా, ఇక్కడే ఉంచనా అని అడిగింది చిల్లరక్క. నడుంనొప్పికి నేను కుట్టుకున్న దిండు అది.

ఫోన్ పెట్టేసి వదిన వంక చూశాను. ఆవిడ నన్ను చూడకుండా కర్ర చివరతో రాళ్ల సందులో గడ్డి పీకుతోంది. నేనేమీ అడగక ముందే తెలిసిపోయింది.

"మీకు తెలుసు."

తలూపింది. "నువ్వు ఊళ్లో లేనప్పుడైతే గొడవ ఉండదన్నాడు. ఇటు నా ముచ్చటా తీరుతుంది, అటు ఆ పనీ అయిపోతుందన్నాడు."

ఎండ బాగా ఎక్కింది. చక్రంలోకి ఇంకెవరో దిగినట్టున్నారు, కిర్రుమంటోంది. ముప్పై ఏళ్లలో ఆవిడ నన్ను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే లేచి వచ్చాయి, ఒక్కటైనా తిరిగి అనేద్దామని నోరు తెరిచాను. ఆవిడ ముందే మొదలుపెట్టింది. ఆపరేషన్‌కి ముందు స్నానాల గదిలో పడిపోయిందట. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. పొద్దున పడితే, పక్కింటివాళ్లు తలుపు కొట్టేసరికి సాయంత్రమైందట. కుళాయి సరిగ్గా కట్టలేదు, చుక్క చుక్క మొహం మీద పడుతోంది, పక్కకి జరగలేకపోయింది, దాహం వేస్తే ఆ చుక్కలే తాగింది. ఇన్ని దేశాల రాజధానులు తెలుసు నాకు, పక్కింటావిడ పేరు తెలియక పిలవలేకపోయాను అని, నవ్వబోయి ఆగిపోయింది.

"నాకు భయమే. ఇంట్లో ఇంకో మనిషి అలికిడి ఉండాలి. అది నువ్వైతే బావుంటుందనుకున్నాను. నువ్వు విసుక్కోవు."

నా కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఇలాగే కదా ప్రతిసారీ జరిగింది. ఎవరి కష్టమూ అబద్ధం కాదు. చిన్నత్తగారి పక్షవాతం అబద్ధం కాదు, ఆయన రక్తపోటు అబద్ధం కాదు, ఇప్పుడు ఈవిడ భయం అబద్ధం కాదు. అన్నీ నిజమైన బరువులే. అందుకే చక్రం ఆగలేదు. ఎవరో ఒకరు బయటి నుంచి చూసి, పాపం అలిసిపోయింది అని కొయ్య వేస్తారని నేను ఎదురుచూస్తూ నడిచాను. బయట నిలబడ్డవాళ్లంతా దాహంతో ఉన్నవాళ్లే.

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. నేను మానడం లేదు సార్, సోమవారం పొద్దుటి డ్యూటీకి వస్తున్నాను అన్నాను. ఆయన ఇబ్బందిగా దగ్గాడు. మీ ఆయనే స్వయంగా వచ్చి చెప్పారు కదమ్మా, ఆ అమ్మాయికి మాటిచ్చేశాం, ఇంటి విషయాలు మీరూ మీరూ తేల్చుకోండి, నన్ను మధ్యలోకి లాగకండి అన్నాడు. ఉద్యోగం నాది సార్, మానతానని నేను చెప్పలేదు, సోమవారం వస్తున్నాను అని మళ్లీ అన్నాను. రండి, చూద్దాం అన్నాడు. చూద్దాం అనే మాటకి డిపోలో ఏం అర్థమో నాకు తెలుసు. ఆ కుర్చీ ఉండచ్చు, ఉండకపోవచ్చు. దిండు అక్కడే ఉంచమని చిల్లరక్కకి చెప్పాలి.

వదిన అంతా విన్నది. "మరి నేనెక్కడికి పోనే?" అంది. ఆ గొంతులో టీచరు లేదు, ఆడపడుచు లేదు.

"మనింటికే రండి వదినా. పగలు మాత్రం నేనుండను. మీ తమ్ముడు రిటైరై ఇంట్లోనే కూర్చుంటున్నారు కదా, అలికిడి ఆయన చేస్తారు."

"వాడా?" అంది. అంత నిజాయితీగా ఆశ్చర్యపోయిన మొహం నేనెప్పుడూ చూడలేదు. తమ్ముడి చేతి మీద ఆనుకుని నడవడం ఆవిడ ఊహకి కూడా అందలేదు. తర్వాత చిన్నగా, "వాడు నన్ను రెండు రోజులు కూడా చూడలేడు" అంది. అంటే అదీ తెలుసు ఆవిడకి.

ఫోన్ మోగింది. ఈసారి ఆయనే. బస్సెక్కారా అన్నారు. లేదు, అనుకున్న ప్రకారం రేపే వస్తాం, ఈ ఊరు వదిన ఇంకా చూడలేదు అన్నాను. పెన్ను తీసుకోండి అని, మాత్రల పేర్లు, పొద్దుటిది ఏది రాత్రిది ఏది, విడివిడిగా చెప్పాను. ఆయన రాసుకుంటున్నారో లేదో తెలియదు. మాట పూర్తయ్యేదాకా అవతల ఊపిరి వినిపిస్తూనే ఉంది. పక్కన వదిన కర్ర మీద రెండు చేతులూ పెట్టి నన్నే చూస్తోంది. ఆవిడ కళ్లలో వద్దని ఉందో, చెప్పమని ఉందో పోల్చుకోలేకపోయాను. పోల్చుకోవాలని ఆగలేదు కూడా. గొంతు సవరించుకున్నాను, మైకు బటన్ నొక్కే ముందు సవరించుకున్నట్టు.

"నేను ఉద్యోగం మానడం లేదు," అన్నాను.

"ఏంటీ?" అన్నారు ఆయన.

మొదటిసారి ఎవరూ వినరు. రెండోసారి చెప్పాను.